వంద మీటర్ల పరుగు వెనక మన తెలుగువాడు: యల్లాప్రగడ సుబ్బారావు

విద్యార్థులారా, వంద మీటర్ల పందెంలో ఈల వేయగానే ఉరుకుతారు కదా, ఆ బలం అంత తొందరగా ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు కనిపెట్టినవారిలో ఒక తెలుగువాడున్నారు.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. (తల్లిదండ్రులు ఈ వాక్యం ఇంకోసారి చదవాలి.) మద్రాసు మెడికల్ కాలేజీలో ఖాదీ వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కు కోపమొచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాయే చేతికొచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. మామగారి సాయంతో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. పొట్టకోసం అక్కడి ఆస్పత్రిలో రోగుల మలమూత్రాలు కూడా ఎత్తారు.

తర్వాత సైరస్ ఫిస్క్‌తో కలిసి, ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో తెచ్చారు. అదే పరీక్ష కండరపు రసానికి చేస్తే రంగు ఒక్కసారిగా రాలేదు, మెల్లమెల్లగా ముదిరింది. వేరేవాళ్లయితే పరీక్ష చెడిందని పారబోసేవాళ్లే. వీళ్లు దాని వెంట పడ్డారు. యాసిడ్ తగిలితే విరిగిపోయే పదార్థమొకటి కండరంలో ఉందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. కండరం పని చేస్తే తగ్గుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ పెరుగుతుంది. 1929లో ఏ.టి.పి.ని కూడా పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ విడిగా కనుక్కున్నాడు. కండరం బలమంతా లాక్టిక్ ఆమ్లంతోనే అన్న అప్పటి సిద్ధాంతాన్ని తిరగరాయాల్సి వచ్చింది.

కండరంలో ఉన్న ఏ.టి.పి. కొద్ది సెకన్లకే సరి. అయిపోతుంటే ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని నింపుతూ పది సెకన్ల దాకా లాగుతుంది. ఒలింపిక్ వంద మీటర్లు కూడా దాదాపు అంతసేపే! ఆ వేగంతో ఎవరూ నాలుగు వందల మీటర్లు ఉరకలేరు. 1990ల నుంచి పెద్ద క్రీడాకారులు క్రియాటిన్ పొడి వాడుతున్నారు, అది మన జిమ్ముల దాకా వచ్చింది. పిల్లలు డాక్టరును అడగకుండా దాని జోలికి పోవద్దు.

హార్వర్డ్ ఆయనకు స్థిరమైన కొలువు ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారి బోదకాలు మందు, ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ పనుల్లో ముందు నిలిచారు. 1948 ఆగస్టులో, లండన్ ఒలింపిక్స్ జరుగుతుండగానే, న్యూయార్క్‌లో నిద్రలో పోయారు. వయసు 53. ఆ నెల 12న మన హాకీ జట్టు బ్రిటన్‌ను 4-0తో ఓడించి స్వతంత్ర భారతానికి తొలి బంగారు పతకం తెచ్చింది. ఆ వార్త ఆయన వినలేదు. అమెరికా వెళ్లాక ఒక్కసారి కూడా ఇండియాకు రాలేదు. ఇక్కడే ఉండిపోయిన భార్య శేషగిరి గారు ఆయన్ని మళ్లీ చూడనే లేదు.