చూచి నేర్చుకొన్నవారు, చూపి నేర్పినవారు: బిషప్పు అజరయ్యగారి జీవితము



మన పల్లెలలో చిన్నపిల్లలు ఆడుకొనుట మనమందరము చూచుచునే యున్నాము. ఒక పిల్ల చింతగింజలు పోసి వంట చేయును. ఒకడు కట్టెను భుజముమీద వేసికొని దుక్కికి పోవుచున్నట్లు నడచును. మరియొకడు పెంకుముక్కను పుస్తకమువలె చేతపట్టుకొని, ఉపదేశిగారు గొంతు సవరించుకొనినట్లు సవరించుకొని, ప్రసంగము మొదలుపెట్టును. ఒక ఊరిలో మేము ఆరాధనకు వేళయగు వరకు వేపచెట్టు క్రింద కూర్చుండియుండగా, ఒక పసివాడు తూలుచు వచ్చి, కేకలు వేసి, తోడి పిల్లదాని జుట్టు పట్టుకొని కొట్టినట్లు నటించెను. పిల్లలందరు నవ్విరి. గడపలో నిలుచున్న వాని తండ్రి నవ్వలేదు. ఆ ఆటను వానికి ఎవరును నేర్పలేదు. వాడు ఇంటిలో చూచెను, అంతే.

ఈ సంగతిని పండితులును పరీక్షించి చూచియున్నారు. అమెరికా దేశములోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమందు ఆల్బర్టు బండూరా అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగము చేసి, దానిని 1961లో ప్రకటించిరి. కొందరు పిల్లల యెదుట ఒక పెద్దమనిషి గాలి నింపిన పెద్ద బొమ్మను గ్రుద్దుచు, సుత్తితో కొట్టుచు ఉండెను. మరికొందరి యెదుట పెద్దమనిషి ఆ బొమ్మ జోలికి పోక నెమ్మదిగా వేరే ఆటవస్తువులతో కూర్చుండెను. తరువాత ఆ పిల్లలను అటువంటి బొమ్మ యొద్ద విడిచినప్పుడు, కొట్టుట చూచిన పిల్లలు అవే దెబ్బలు కొట్టి, ఆ పెద్దమనిషి పలికిన మాటలనే పలికిరి. కొట్టుమని వారితో ఎవరును చెప్పియుండలేదు.

పరిశుద్ధ గ్రంథము ఎరిగినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. గిద్యోను తన 300 మందికి బూరలను, వట్టి కుండలను, కుండలలో దివిటీలను ఇచ్చినప్పుడు యుద్ధమును గూర్చి దీర్ఘోపన్యాసము చేయలేదు. తనను చూచి, తాను చేయునట్లు చేయవలెనని మాత్రమే ఆజ్ఞాపించెను. మన ప్రభువు తువాలు నడుమునకు కట్టుకొని శిష్యుల పాదములు కడిగిన పిమ్మటనే దానిని గూర్చి మాటలాడెను. పౌలు కొరింథు సంఘమువారికి వ్రాయుచు, తాను క్రీస్తును అనుసరించునట్లు వారు తన్ను అనుసరింపవలెనని కోరెను. ఆ మాట చెప్పుటకు ఎంత ధైర్యము కావలెనో సంఘ పెద్దలు ఒక్కసారి ఆలోచించి చూడవలెను. తన నడతను చూడవద్దు, తన మాట వింటే చాలునని చెప్పుట మనకు సులభము.

ఆ ధైర్యము కలిగి మన తెలుగుదేశములో జీవించిన ఒకరిని ఈ నెల జ్ఞాపకము చేసికొందము. ఆయన డోర్నకల్లు మొదటి బిషప్పు వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు. పల్లెలవారు ఆయనను తండ్రిగారు అని పిలుచుచుండిరి.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17వ తేదీన తమిళదేశమందు తిరునెల్వేలి ప్రాంతములోని వెల్లాలన్‌విలై అను గ్రామములో జన్మించిరి. తండ్రి థామసు వేదనాయకముగారు హిందూ కుటుంబములో పుట్టి, క్రీస్తును నమ్ముకొని, తరువాత ఆ ఊరి గురువైనవారు. తల్లి ఎలెన్ గారు. తలిదండ్రులు కుమారుని కొరకు హన్నావలె ప్రార్థించి, పుట్టినవానికి సమూయేలు పేరు పెట్టిరి. 1889లో తండ్రి గతించగా తల్లియే ఆయనను పెంచెను. మోకాళ్లూనుటకు ఆ బిడ్డకు ఎవరైన వేరుగా పాఠము చెప్పవలసి వచ్చియుండదని మేము తలంచుచున్నాము. బడిలో ఉండగానే తోడివారితో కలిసి, కుల భేదములను తగ్గించుటకు ఒక చిన్న సంఘమును ఏర్పరచిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని పట్టా పుచ్చుకొనలేదు. 1895 మొదలుకొని వై.ఎం.సి.ఏ. పనిలో ఊరూరు తిరిగిరి.

ఆయన జీవితమును మార్చినది ఒక ప్రయాణము. 1902లో ఆయన సింహళ ద్వీపములోని యాళ్ళపాణమునకు, అనగా జాఫ్నాకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు విదేశ మిషనుల సొమ్ము కొరకు ఎదురుచూడక, తమ స్వంత కానుకలు ప్రోగుచేసి, తమలోనివారినే సువార్త పనికి పంపుచుండిరి. అజరయ్యగారు అది చూచి సిగ్గుపడిరి. తిరునెల్వేలి సంఘము జాఫ్నా సంఘముకంటె ఎంతో పెద్దది. అందులో గురువులున్నారు, బడులున్నవి, అందమైన ఆలయములున్నవి. అయినను తమ పొలిమేర దాటి తమ స్వంత ఖర్చుతో ఒక్కనినైనను పంపవలెనను తలంపు ఆ సంఘమునకు లేకపోయెను. మిషనరీలు ఇచ్చుటయు తాము పుచ్చుకొనుటయు వారు పుట్టినది మొదలు చూచిన క్రమము గనుక, పుచ్చుకొనుటయే నేర్చుకొనిరి.

చూచిన దానిని అజరయ్యగారు మనస్సులోనే ఉంచుకొనలేదు. మరుసటి సంవత్సరమే, 1903లో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడెను. మనుష్యులు మనవారే, ధనము మనదే, నడిపించువారును మనవారే అనునది దాని నియమము. 1905 క్రిస్మసు దినమున సేరంపూరులో దేశమంతటి కొరకు నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపించినవారిలో కూడ ఆయన ముఖ్యులు. ఒక దీపముచేత మరియొక దీపము ముట్టించినట్లు జాఫ్నా చిన్న సంఘమునుండి ఇంత పని బయలుదేరెను. జాఫ్నావారు ఆయనకు బోధింపలేదు. వారు తమ పని తాము చేసికొనుచుండిరి.

తిరునెల్వేలివారు పని పెట్టుకొన్న చోటు ఆనాటి నైజాము రాజ్యములోని డోర్నకల్లు ప్రాంతము. అది నేడు తెలంగాణలో మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. తమిళులకు ఆ భాష తెలియదు, ఆ ఎండలు తెలియవు. ఇతరులను పొమ్మని పురికొల్పిన కార్యదర్శి తాను మాత్రము ఇంటిలో కూర్చుండుట న్యాయము కాదని అజరయ్యగారికి తోచెను. 1909లో గురుపట్టము పొంది, భార్య అంబు మరియమ్మాళ్ గారితో డోర్నకల్లు చేరిరి. అప్పటికి ఆయనకు దాదాపు 35 ఏండ్లు. ఆ వయస్సున పల్లెవారి నోట విని, వారు పలికినట్లు తిరిగి పలికి తెలుగు నేర్వవలసివచ్చెను. బోధించుటకు వచ్చిన మనిషి ముందు విద్యార్థి కావలసివచ్చెనన్నమాట.

మరుసటి ఏడు, 1910లో, స్కాట్లండులోని ఎడిన్‌బరోలో లోకమందలి మిషనరీల మహాసభ కూడెను. అజరయ్యగారు అక్కడ నిలువబడి, మిషనరీల త్యాగమునకు వందనములు చెప్పి, అటుపిమ్మట వారికి చేదైన మాట చెప్పిరి. వారు తమ ఆస్తిని ఇచ్చిరి, శరీరములను కాల్చబడుటకైనను ఇచ్చిరి, కాని ఈ దేశస్థులు కోరుచున్నది వారి స్నేహమని ఆయన విన్నపము. కొందరికి కోపము వచ్చెను. ఆయన అడిగినది ఎందుకు అంత ముఖ్యమో పల్లెలవారమైన మనకు తెలియును. దూరమున కుర్చీలో కూర్చున్నవానిని చూచి నేర్చుకొనగలది ఏమి? కుర్చీలో కూర్చుండుట ఎట్లో నేర్చుకొందుము. ప్రక్కన చాపమీద కూర్చుండి మన గంజి త్రాగినవాని యొద్దనే అతని ఓర్పును, అతని ప్రార్థనను, అతని కన్నీటిని నేర్చుకొందుము.

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గారు ఆయనయందు నమ్మకముంచిరి. కొందరు తెల్లవారును, కొందరు స్వదేశీయులును అడ్డు చెప్పినను, 1912 డిసెంబరు 29న కలకత్తా దేవాలయములో అజరయ్యగారు బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములో భారతీయుడు బిషప్పగుట అదే మొదటిసారి. అప్పటినుండి 32 సంవత్సరములు ఎద్దుబండిమీదను, సైకిలుమీదను, కాలినడకను ఆయన పల్లెలు తిరిగిరి.

ఒక పల్లెలో జరిగిన క్రమమును మనసులో ఊహించుకొనవలెను. బాప్తిస్మము పొందినవారు, చదువు రానివారు, ఇతరుల పొలములో కూలిచేసి బ్రదుకువారు, నేలమీద కూర్చుండియుందురు. తండ్రిగారు వారిని తమ చేతులు తమ తలలమీద పెట్టుకొనుమందురు. తాము బాప్తిస్మము పొందిన క్రైస్తవులమనియు, సువార్త ప్రకటింపకపోయినయెడల తమకు శ్రమయనియు, పౌలు కొరింథీయులకు వ్రాసిన మాటను తన వెంట పలుకుమందురు. ముదుసలులు పలుకుదురు. తల్లి ఒడిలోని పిల్లయు, తల్లి చేయి తలమీద ఉండుట చూచి, తన చిన్న చేయిని తలమీద పెట్టుకొనును. అక్షరము రానివాడు కూడ ఇతరులు చదువుకొనదగిన పత్రిక కావలెనని తండ్రిగారి ఉద్దేశము.

పల్లెలను పీడించు నాలుగు దయ్యములు ఉన్నవని ఆయన చెప్పుచుండిరి: మురికి, రోగము, అప్పు, త్రాగుడు. వీటిని ప్రసంగములతోనే వెళ్లగొట్టవచ్చునని ఆయన నమ్మలేదు. డోర్నకల్లులో ఉపదేశులుగా తర్ఫీదు పొందువారు భార్యలతో కూడ వచ్చి ఉండవలెను. భర్త చదువుకొనుచుండగా భార్యయు చదువును, శుభ్రతను, బిడ్డల పెంపకమును అంబు అమ్మగారి యొద్ద నేర్చుకొనుచుండెను. ఎందుకనగా ఉపదేశి నోరు ఆదివారము ఒక గంట మాటలాడును, ఉపదేశి యిల్లు ఏడు దినములును మాటలాడును. పల్లెలో గోడలు పలుచన. ఆ యింట ఏమి వండిరో, ఎవరు ఎవరిమీద కేకలు వేసిరో, ఎవరికి ఎంత బాకీ యున్నదో అందరికి తెలియును.

మాలలును మాదిగలును ఒకరి చేతి నీళ్లు ఒకరు త్రాగని దినములవి. పరిశుద్ధ బల్ల యొద్ద ఒకే పాత్రలోనుండి త్రాగిన తరువాత, ఇంటి యొద్ద వేరు చెంబులు ఎందుకని పిల్లలు అడిగినప్పుడు పెద్దల యొద్ద జవాబు లేదు. ఈ విషయములో పూర్తి జయము కలిగెనని చెప్పుట సత్యము కాదు. నేటికిని కొన్ని సంఘములలో ఆ గోడ కూలలేదని మేము దుఃఖముతో వ్రాయుచున్నాము.

అయితే ఒక ఆశ్చర్యకరమైన సంగతి జరిగెను. 1920ల తరువాత రైతు కులములవారు, తాము అంటరానివారని దూరముంచిన పల్లెవారి ప్రభువును వెదకుకొనుచు రాసాగిరి. వారు గొప్ప పండితుల వాదములు విని రాలేదు. తమ పాలేరు త్రాగుట మానెను, కళ్లములో ధాన్యము దొంగిలించుట మానెను, చచ్చిన గొడ్డు మాంసము తినుట మానెను, వాని పిల్లలు పలక పట్టిరి. ఇది ఎట్లయ్యెనని ఆసాములు కనిపెట్టి చూచిరి. ఏటేట సాక్ష్యము కొరకు ఏర్పరచిన దినములలో పల్లెవారు పాటలు పాడుచు పొరుగూళ్లకు పోవుచుండిరి గాని, ఆ పాటకు బలమిచ్చినది మిగిలిన దినముల నడతయే. తండ్రిగారు ఈ సంగతిని ఎంతో సంతోషముతో చెప్పుకొనుచుండిరి. ఆయన చివరి కాలమునకు ఆ అధ్యక్ష మండలములో క్రైస్తవులు 2 లక్షలకు మించిరి.

చూచి నేర్చుకొనుటలో అపాయమును ఉన్నది. తెల్లవారిని చూచి మనవారు కొందరు ప్రార్థనకంటె ముందు బూట్లను, టోపీని నేర్చుకొనిరి. తండ్రిగారికి ఇది ఇష్టము లేదు. తెలుగు కీర్తనలు, భజనలు, కోతకాలపు పండుగలు ఆరాధనలోనికి రావలెనని కోరిరి. డోర్నకల్లులో కట్టించిన ఎపిఫని దేవాలయములో గుడి స్తంభములవంటి స్తంభములును, మసీదు గుమ్మటములవంటి గుమ్మటములును నిలిపిరి. అది ముగియుటకు ఎన్నో సంవత్సరములు పట్టి, 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. ఇంగ్లండులోని గుడిని అట్లే తెచ్చిపెట్టుట సులభముగానే యుండును, కాని అది చూచినవారికి క్రీస్తు పరదేశి దేవుడనియే తోచును.

మరియొక మాటయు చెప్పవలసియున్నది. తండ్రిగారు క్రమశిక్షణ విషయములో కఠినులు. తప్పు చేసిన పనివారిని ఊరక విడుచువారు కారు. ఆయనను చూచి నేర్చుకొనినవారిలో కొందరు ఆయన ఎద్దుబండి ప్రయాణములను, ఆయన ఉపవాసమును నేర్చుకొనక, ఆయన గద్దింపును మాత్రము నేర్చుకొనిరేమో. మంచివానిలో కూడ సులభమైన దానినే ముందు అనుకరించుట మన స్వభావము.

ఇచ్చుట అను విషయములో మాత్రము ఆయన పాఠము పల్లెలలో లోతుగా నాటుకొనెను. పేదవారు పుచ్చుకొనుటకే పుట్టలేదని ఆయన ఎల్లప్పుడు చెప్పుచు, దక్షిణదేశపు సంఘములలో వాడుకలోనున్న పిడికెడు బియ్యము పద్ధతిని మిక్కిలి ప్రోత్సహించిరి. పూట పూటకు వంటకు కొలిచిన బియ్యములోనుండి ఇల్లాలు ఒక పిడికెడు తీసి దేవునికని వేరు కుండలో వేయుట అది.

అజరయ్యగారు 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్లులో ప్రభువునందు నిద్రించిరి. ఆ దేవాలయ ఆవరణములోనే సమాధి చేసిరి. పిడికెడు బియ్యపు కుండలు మాత్రము పల్లెలలో నిలిచియుండెను. మా చిన్నతనమున మా నాయనమ్మ చేట ముందర పెట్టుకొని, బియ్యములో రాళ్లు ఏరి, ఎసట్లో పోయబోవు ముందు ఒక పిడికెడు వెనుకకు తీయుచుండెను. ఇంటిలో బియ్యము చాలని దినములలో కూడ తీయుట చూచి, ఎందుకని ఒకనాడు అడిగితిమి. ఆమె మాకు జవాబు చెప్పలేదు. మా చేయి పట్టుకొని చేటలోనుండి పిడికెడు తీయించి, మా చేతనే కుండలో వేయించెను.