దేశోద్ధారక నాగేశ్వరరావు పంతులు

తలనొప్పి వచ్చినను, పడిశము పట్టినను, బెణికిన కాలు బాధించినను తెలుగువారి యిండ్లలో మొదట వెదకునది పసుపుపచ్చని లేపనము గల ఒక చిన్న సీసా. మూత తీసినంతనే దాని ఘాటు ఇల్లంతయు వ్యాపించును. ఆ సీసాలోని మందు పేరు అమృతాంజనము. దానిని లోకమునకు అందించినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆ మందు అమ్మగా వచ్చిన ధనముతో ఆంధ్రజాతికి ఒక పత్రికను, ఒక సాహిత్య మాసపత్రికను, ఒక గ్రంథమాలను సమకూర్చినవారును వారే.

పంతులుగారు 1867లో కృష్ణాజిల్లాలోని పెసరమిల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబ. మచిలీపట్టణమున చదువుకొని, పిమ్మట మదరాసు క్రైస్తవ కళాశాలలో చేరి, 1891లో పట్టభద్రులైరి. ఆ రోజులలో పట్టభద్రుడైన యువకునకు సర్కారు కొలువు దొరకుట కష్టము కాదు. బంధువులు ఆశించునదియు అదియే. నెల తిరుగగనే జీతము, కొంతకాలమునకు ఉద్యోగోన్నతి, ముసలితనమున పింఛను. ఇంతకంటె భద్రమైన జీవితము వేరొకటి యున్నదని ఎవరును తలంపని కాలమది. చదువుకొన్నవాడు అంగడి పెట్టుకొనుట చిన్నతనముగా ఎంచబడుచుండెను. పంతులుగారికి మాత్రము స్వతంత్రముగా వ్యాపారము చేయవలెనను కోరిక బలముగా నుండెను. మదరాసులో కొంతకాలము ఏదో వ్యాపారము చేసి చూచిరి, అది నిలువలేదు. కలకత్తాకు పోయి ఒక మందుల వ్యాపారి యొద్ద పనికి కుదిరిరి. ఔషధములు తయారుచేయు పద్ధతులు వారికి అక్కడనే పరిచయమయ్యెను. అచ్చటనుండి బొంబాయి చేరి మరల ఒక కచేరీలో ఉద్యోగము చేసిరి. ఇట్లు ఊరు మారిన కొలదియు చేతికి వచ్చినది ధనము కాదు, పనితనము మాత్రమే.

1893లో బొంబాయి నగరమున పంతులుగారు అమృతాంజనమును తయారుచేసి అమ్మ నారంభించిరి. అమృతము, అంజనము అను రెండు మాటలును దేశమంతట తెలిసినవే కనుక, ఆ పేరు తెలుగువానికెట్లో మరాఠీవానికిని గుజరాతీవానికిని అట్లే నోట పలికెను. అంజనమనగా కంటికి పెట్టుకొను కాటుక కదా యని విద్యార్థులు సందేహింపవచ్చును. ఇక్కడ ఆ మాటను పూతయను అర్థమున గ్రహింపవలెను; ఈ మందును కంటికి పూసికొనువాడు తన తప్పును వెంటనే తెలిసికొనును.

మంచి మందు తయారైనది. కాని కొనువారేరి? ఆ కాలమున తలనొప్పికి గృహిణులు శొంఠికొమ్మును అరగదీసి కణతలకు పట్టు వేయుచుండిరి. దానికి ఖర్చు లేదు. డబ్బు గలవారు విదేశములనుండి ఓడలలో వచ్చిన మందులనే నమ్ముచుండిరి. అమృతాంజనము సీసా వెల 10 అణాలు. ఆనాడు అది స్వల్పమైన సొమ్ము కాదు. పేరు వినని మందునకు, అందునను దూరప్రాంతమునుండి వచ్చిన ఒక తెలుగు యువకుడు చేసిన మందునకు, అంత సొమ్ము ఎవరు పెట్టుదురు? గుణము తెలియనిదే జనులు కొనరు. కొననిదే గుణము తెలియదు. క్రొత్త సరుకు అమ్మబోవు ప్రతి చిన్న వర్తకుడును చిక్కుకొను ముడి ఇదియే. అనేకులు ఇచ్చటనే అంగడి మూసి మరల ఉద్యోగములు వెదకికొందురు.

పంతులుగారు ఆ ముడిని విప్పిన విధము ఆనాటి వర్తకులకు వింతగా తోచి యుండవచ్చును. వారు తమ మందును ఉచితముగా పంచిపెట్టిరి. అదియును వీథులలో కాదు, సంగీత సభలలో. ఆ యెన్నిక యందే వారి తెలివి కానవచ్చును. పాట కచేరి గంటల తరబడి సాగును. క్రిక్కిరిసిన జనము నడుమ కూర్చుండినవారికి తల భారమగుట సహజము. అట్టి సమయమున చేతికందిన మందును నుదుట రాచుకొనని వారుండరు. ఒక్కడు రాచుకొన్నచో ఆ వాసన నాలుగు వరుసల వరకు పోవును. ఆ వాసనయే దండోరా. పైగా సంగీత సభలకు వచ్చువారు చదువుకొన్నవారు, 10 అణాలు పెట్టగలవారు, మరునాడు నలుగురితో చెప్పగలవారు. చేతిలో ధనము తక్కువగా నున్నప్పుడే సరుకును ఊరక పంచుటకు గుండె నిబ్బరము కావలెను. పంచిన సరుకు తిరిగిరాదు. మందు పనిచేయకున్నచో సొమ్ముతోపాటు పేరును పోవును. తన మందునందు తనకు సంపూర్ణమైన నమ్మకము లేనివాడు ఇట్టి సాహసము చేయజాలడు.

క్రమముగా వాడినవారే వెదకికొని వచ్చి కొనసాగిరి. అమృతాంజనము దేశమున నలుమూలలకు వ్యాపించెను. పంతులుగారు లక్షాధికారులైరి.

ఇంతటితో ఆగియున్నచో వారి చరిత్ర ఒక ధనికుని చరిత్రగా మిగిలెడిది. వందేమాతరోద్యమము దేశమును కదలించుచున్న దినములవి. 1908 జూలైలో బొంబాయి హైకోర్టు లోకమాన్య తిలకునకు ఆరు సంవత్సరముల ప్రవాసశిక్ష విధించెను. పత్రికలో వ్రాసిన వ్రాతలే ఆయన చేసిన నేరము. అట్టి సంవత్సరముననే, అట్టి నగరముననే, పంతులుగారు ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించిరి. వర్తకుడు ప్రభుత్వముతో తగవు తెచ్చుకొనుట లాభకరము కాదని వారికి తెలియకపోలేదు. తెలుగు దేశమునకు అంత దూరమున తెలుగు పత్రికను అచ్చువేసి టపాలో పంపుటయు సులభము కాదు. అయినను పత్రిక నడచెను. మందు తెచ్చిన లాభము పత్రికను పోషించెను. పత్రికలోని ప్రకటనలు మందు పేరును పల్లెపల్లెకు చేర్చెను. ఈ రెంటిలో ఏది దేనికి ఎక్కువ మేలు చేసినదో లెక్క తేల్చుట కష్టము.

1914 ఏప్రిలులో పంతులుగారు ఆంధ్రపత్రికను మదరాసునకు తరలించి దినపత్రికగా వెలువరించిరి. కొన్ని నెలలకే ఐరోపాలో మహాయుద్ధము ఆరంభమయ్యెను. అనుదినము యుద్ధవార్తలకై యెదురుచూచు పాఠకులు పెరిగిరి. 1924లో భారతి యను మాసపత్రికను స్థాపించిరి. కవులు, చరిత్రకారులు, భాషాపరిశోధకులు తమ వ్రాతలు భారతిలో పడుట గౌరవముగా భావించిరి. ఆంధ్ర గ్రంథమాలను నెలకొల్పి ప్రాచీన కావ్యములను అచ్చు వేయించిరి. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో మరణింపగా ఆగిపోయిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము పనిని తాము చేపట్టిరి. ఇవి లాభము నాశించి చేసిన పనులు కావు. సంగీత సభలో సీసాను ఊరక పంచిన వర్తకుడు దానికి ఫలము వచ్చునని ఎరుగును. ఈ గ్రంథముల విషయమున అట్టి యెదురుచూపు లేదు.

పంతులుగారు ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులుగా పనిచేసిరి. ఉప్పు సత్యాగ్రహములో పాల్గొని చెరసాలకు పోయిరి. కారాగారమున కూర్చుండి భగవద్గీతకు వ్యాఖ్యానము వ్రాసిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1935లో వారిని కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. జనులు అంతకు పూర్వమే దేశోద్ధారకుడనియు, విశ్వదాతయనియు పిలుచుకొనుచుండిరి. వారి దానములను వర్ణించువారు అనేకులు కలరు. ఆ దానములకు మూలమైన వ్యాపార దక్షతను అంత శ్రద్ధతో వర్ణించినవారు తక్కువ.

1936లో అమృతాంజనము వ్యాపారము లిమిటెడు కంపెనీగా మారెను. మరుసటి సంవత్సరము నవంబరు 16వ తేదీన, మదరాసు మైలాపూరులో పంతులుగారి గృహమైన శ్రీబాగున కోస్తా నాయకులును రాయలసీమ నాయకులును సమావేశమైరి. ప్రత్యేకాంధ్ర రాష్ట్రము కొరకు కలసి పనిచేయుటకు వారు చేసికొన్న ఒప్పందమునకు ఆ యింటి పేరే నిలిచి, శ్రీబాగు ఒడంబడిక యని ప్రసిద్ధికెక్కెను. రాష్ట్రము 1953లో ఏర్పడెను గాని, దానిని చూచు భాగ్యము పంతులుగారికి కలుగలేదు. వారు 1938 ఏప్రిలు 11వ తేదీన మరణించిరి.

అటుపిమ్మట వారి అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు పత్రికల భారమును, మందుల కంపెనీ భారమును వహించిరి. ఆంధ్రపత్రికయు భారతియు 1991 వరకు నడచి ఆగిపోయెను. మైలాపూరులో లజ్ చర్చి రోడ్డు ప్రక్కన పంతులుగారి పేరిట ఒక ఉద్యానవనమున్నది. ఉదయము వేళ నడచుటకు వచ్చువారితో అది నిండియుండును. అమృతాంజనము నేటికిని అంగళ్లలో అమ్ముడుపోవుచున్నది.