పాలకూర కట్టలోని మందు

సాయంత్రం ఆరు దాటాక ఇల్లు చేరి, ఏం వండాలో తోచక, ఉన్న అన్నంలో ఇంత తొక్కు వేసుకుని కానిచ్చేసే రోజులు మీ ఇంట్లో వారానికి ఎన్ని? కరీంనగర్‌లో ప్రభుత్వాసుపత్రి ఓపీలో కూర్చునే నేను ఈ మాట చాలామందిని అడుగుతుంటాను. నీరసం, ఆయాసం, కాళ్లు లాగడం అంటూ వచ్చే ఆడవాళ్ల రక్తపరీక్ష కాగితం చూశాక, మందుచీటీ రాసేముందు, నిన్న రాత్రి ఏం తిన్నారని అడుగుతాను. అందరూ తిన్నాక మిగిలింది తిన్నామన్నదే ఎక్కువసార్లు వచ్చే జవాబు.

ఆ చీటీ మీద నేను ఐరన్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తాను. ఆ చిన్న మాత్ర వెనక ఒక తెలుగు డాక్టర్ జీవితం ఉంది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. పేరు మీరు వినే ఉంటారు. ఆయన జీవితానికీ, మీ రాత్రి భోజనానికీ ఉన్న సంబంధం మాత్రం చాలామందికి తెలియదు.

ఇంటిని తాకిన జబ్బు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. కలిగిన కుటుంబం కాదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. కొడుకు చదువు కోసం తల్లి వెంకమ్మ నగలు అమ్మారు. మిత్రులు, కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చేయూతనివ్వడంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు దుస్తులతో ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లడం సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ దక్కలేదు, అంతకంటే చిన్నదైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పారు.

ఈలోగా ఆ ఇంటి మీద స్ప్రూ అనే జబ్బు విరుచుకుపడింది. ఇందులో చిన్నపేగు తిన్న ఆహారాన్ని ఒంటికి పట్టనివ్వదు. విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్దిరోజుల తేడాతో ఈ జబ్బుకు బలయ్యారు. ఆయనకూ అదే జబ్బు వచ్చి, ప్రాణం మీదికి వచ్చి తగ్గింది. కళ్లెదుట విస్తరిలో అన్నం ఉన్నా, అందులోని సత్తువ ఒంటికి చేరక ఇంట్లోవాళ్లు పోవడం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు.

బోస్టన్‌లో ఒంటరిగా

1922లో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. కాకినాడలోని మల్లాది సత్యలింగ నాయకర్ చారిటీస్ సాయం చేసింది. భార్య శేషగిరిని ఇక్కడే వదిలి, మూడేళ్లలో వస్తానని వెళ్లారు. ఆ తర్వాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆయన మళ్లీ ఇండియా రాలేదు, భార్యను చూడలేదు.

హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా చేస్తూ, పూట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేశారు. తర్వాత సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల గుట్టు విప్పడంలోనూ ఆయన చేయి ఉంది. ఇంత చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్‌కు దగ్గరలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాలలకు మారారు.

ఆకులో దాగిన విటమిన్

ఇక్కడ ఒక్క అడుగు వెనక్కి వెళ్దాం. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టర్ బొంబాయిలో మిల్లు కూలీల కుటుంబాల్లోని గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. చౌకగా దొరికే ఈస్టు సారం ఇస్తే వాళ్ల రక్తం పెరిగింది. అందులో ఏదో ఉందని తెలిసింది గానీ, ఆ పదార్థం ఏమిటో తేలలేదు. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు టన్నులకొద్దీ పాలకూర నుంచి కొద్దిపాటి పదార్థాన్ని తీశారు. ఆకును లాటిన్‌లో ఫోలియం అంటారు కాబట్టి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

టన్నుల ఆకు నుంచి చిటికెడు తీస్తే అది రోగుల దాకా చేరదు. సుబ్బారావు నడిపించిన లెడర్లే బృందం దాని నిర్మాణం కనుక్కుని, 1945లో కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే రక్తం పట్టింది, ఆకలి పుట్టింది. అదే ప్రయోగశాలలో, ఆయన పర్యవేక్షణలోనే ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటి మందు. ఈనాటికీ ఉష్ణదేశాల స్ప్రూకు మేం వాడేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ జాతి మందే. అన్నదమ్ములను తీసుకెళ్లిన జబ్బుకు రెండు మందుల దారీ ఆయన పని నుంచే వచ్చింది. అప్పటికి వాళ్లు పోయి పాతికేళ్లు కావస్తోంది.

మన జిల్లాకూ ఆయన బాకీ ఉంది. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి వైపు బోదకాలు నివారణకు ఇంటింటికీ వచ్చి మింగించిన డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం తెచ్చిందే. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులతో పిల్లల బ్లడ్ క్యాన్సర్ చికిత్సకు దారి వేసిందీ ఆ ప్రయోగశాలే. మేం కీళ్లవాతానికి రాసే మెథోట్రెక్సేట్ ఆ కోవలోదే.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలోనే ఆయన గుండె ఆగింది. 1995లో మన ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల వేసింది.

వండే తీరులోనే పోతోంది

ఇంత కష్టపడి తీసిన ఫోలిక్ యాసిడ్ మన రైతుబజారులో కట్టల కొద్దీ దొరుకుతుంది. పాలకూర, తోటకూర, మెంతికూర, పుంటికూరల్లో సహజ రూపంలో ఉంటుంది. శనగలు, పెసలు, బొబ్బర్లు, కందిపప్పులోనూ ఉంది. పాలిష్ పట్టిన తెల్లన్నంలో తక్కువ. జాతీయ పోషకాహార సంస్థ లెక్కన రోజుకు మగవాళ్లకు 300, ఆడవాళ్లకు 220, గర్భిణులకు 570 మైక్రోగ్రాముల ఫోలేట్ కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అందులో ఐరన్ లోపానిదే పెద్ద వాటా, ఫోలేట్, బీ12 లోపాలు దానికి తోడవుతాయి.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆకుకూర తినమని అందరికీ చెప్పే నాకే ఒకప్పుడు హిమోగ్లోబిన్ 9 ఉండేది. డ్యూటీ నుంచి వచ్చి హడావిడిగా, పప్పుతోపాటే ఆకుకూరనూ కుక్కర్‌లో పడేసి నాలుగైదు విజిల్స్ రానిచ్చేదాన్ని. ఫోలేట్‌కు వేడి పడదు, నీళ్లలో కరిగిపోతుంది. ఎక్కువసేపు ఉడికించినా, ఉడికిన నీళ్లు పారబోసినా చాలావరకు పోతుంది. పైగా అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలింది నా వంతు.

అందుకే ఇప్పుడు మా ఇంట్లో వారం ఇలా నడుస్తోంది. ఆదివారం ఆకుకూరలు తెచ్చి, వేళ్లు తీసి, కడగకుండానే గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడతాం. వండేముందు కడిగి, ఆ తర్వాతే తరుగుతాం.

సోమవారం పాలకూర పప్పు, అన్నం, పెరుగు. పప్పు ముందు ఉడికించి, ఆకును చివరి ఐదు నిమిషాల్లో వేసి మూత పెడతాం.

మంగళవారం, ఆదిలాబాద్ ఇళ్లలోలా, జొన్నరొట్టె. పక్కన పొద్దున నానబెట్టిన బొబ్బర్ల కూర, ఉల్లిగడ్డ, నిమ్మచెక్క. నిమ్మరసం ఉంటే ఐరన్ బాగా ఒంటపడుతుంది.

బుధవారం మెంతికూర వేసిన కోడిగుడ్డు కూర. ఆకుకూరలో బీ12 ఉండదు. గుడ్డు తినని ఇళ్లలో పాలు, పెరుగు తప్పకుండా ఉండాలి. ఆ సాయంత్రమే వచ్చేటప్పుడు మరో రెండు కట్టలు తెస్తాం.

గురువారం పుంటికూర పప్పు. శుక్రవారం పెసరపప్పు కిచిడీలో తోటకూర, క్యారెట్, పక్కన పచ్చిపులుసు. ఏం వండాలన్న ఆలోచన ఆదివారమే తీరిపోతుంది కాబట్టి, సాయంత్రం వంటింట్లో అరగంట, ముప్పావు గంటకు మించి పట్టదు. భోజనం అయిన గంట దాకా టీ జోలికి వెళ్లం.

ఈ కూరలు మాత్రకు బదులు కావు. గర్భం కోసం చూస్తున్నవాళ్లు ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలి. బిడ్డ వెన్నుపాము మొదటి నెలలోనే ఏర్పడుతుంది, అప్పటికి చాలామందికి గర్భం సంగతే తెలియదు. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రలు డబ్బాలో పెట్టి మరిచిపోవద్దు. కాళ్లు, చేతులు తిమ్మిర్లు ఉంటే ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడుకోకుండా బీ12 పరీక్ష చేయించుకోండి.

ఈ రాత్రికి రెండు పనులు చేసి చూడండి. ఆకుకూరను చివర్లో వేయండి. అందరూ ఒకేసారి కూర్చోండి, వండినవాళ్ల కంచంలో ఆ కూర ముందుగా వడ్డించండి.