పక్షుల నెరిగిన సలీం అలీ

పుష్యమాసపు ఉదయాన నేలపట్టు చెరువుగట్టున నిలిచినప్పుడల్లా మాకు డాక్టర్ సలీం అలీ గుర్తుకు వస్తారు. నీట నిలిచిన చెట్లపై గూడబాతులు పిల్లలను సాకుతుంటాయి. ఆవల పులికాట్ సరస్సులోని ఉప్పునీట రాజహంసలు తలలు వంచి మేత వెదకుతుంటాయి. రాజహంసలు కచ్ రణ్ లోని ఉప్పు బురదలో గూళ్ళు కట్టే చోటును 1945లో స్వయంగా వెళ్ళి పరిశీలించినవారు ఆయన.

1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించిన సలీం పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ ఇంట పెరిగారు. పదేళ్ళ ప్రాయంలో గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టారు. దాని మెడపై పసుపు మచ్చ ఉన్నది. అది తినదగినదో కాదో తెలియక బాలుడు మేనమామ నడిగితే, ఆయన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపారు. అచ్చట మిల్లర్డ్ దొర పిచ్చుక పేరు చెప్పడమే గాక, బీరువాలు తెరచి వందలాది పక్షుల నమూనాలను చూపారు. హలాలా కాదా అన్న ప్రశ్నతో వెళ్ళిన బాలుడు పక్షిశాస్త్రంతో తిరిగివచ్చాడు!

తరువాతి బాట సుగమం కాదు. బర్మాలో కుటుంబ వ్యాపారం దెబ్బతిన్నది. పట్టా లేనందున ప్రభుత్వ జంతుశాస్త్ర శాఖలో ఉద్యోగం దొరకలేదు. బెర్లిన్‌లో స్ట్రెసెమాన్ వద్ద శిక్షణ పొంది 1930లో తిరిగివచ్చేసరికి మ్యూజియంలోని పాత కొలువూ లేదు. ఉద్యోగం లేని ఆ రోజులలోనే కిహీం గ్రామంలో గిజిగాడి గూళ్ళను నెలల తరబడి గమనించారు. మగపక్షి సగం గూడు అల్లడం, ఆడపక్షి వచ్చి పరీక్షించి అంగీకరించడం, పిమ్మట మగది వేరొక గూటికి పూనుకోవడం వరుసగా వ్రాసుకొన్నారు. ఆయనకు పేరు తెచ్చినది ఆ వ్యాసమే. మా కళాశాలలో మార్కులు తగ్గి దిగులుపడే మిత్రులు ఈ ఘట్టం చదువవలెనని మా కోరిక.

1931లో హైదరాబాదు సంస్థానపు పక్షుల పరిశీలనకు జీతం కోరక, ప్రయాణ వ్యయం చాలునని పూనుకొన్నారు. భార్య తెహ్మీనా గుడారాలలో తోడుగా ఉండేవారు. 1939లో శస్త్రచికిత్స అనంతరం ఆమె మరణించడం ఆయనకు తీరని లోటు. 1941లో భారతీయ పక్షులపై ఆయన గ్రంథం వెలువడింది. పద్మభూషణ్, పద్మవిభూషణ్, రాజ్యసభ సభ్యత్వం ఆ తరువాతి ముచ్చట్లు.

పూర్వం నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ 1848లో లోకానికి తెలిపిన కలివికోడి 1900 తరువాత కనబడలేదు. 1986లో అది కడప జిల్లాలో తిరిగి దొరికింది. దొరికించుకొన్నది సలీం అలీ జీవితమంతా సేవించిన ఆ బొంబాయి సంఘమే. అప్పటికి ఆయనకు 89 ఏళ్ళు. మరుసటి ఏడు జూన్ 20న బొంబాయిలో కన్నుమూశారు.