నీలిరంగులో కొలత – యల్లాప్రగడ సుబ్బారావు

ఆమదాలవలస పక్క పల్లెల్లో పుట్టిన మాకు బోదకాలు పుస్తకంలో బొమ్మ కాదు. మా నాయనమ్మ ఎడమ కాలు ఉబ్బిపోయి, ఊడుపులకు మడిలో దిగడం మానేసింది. మా చిన్నప్పుడు ఇంటింటికీ వచ్చి డి.ఇ.సి. మాత్రలు మింగించేవారు. వాటి వెనక ఒక తెలుగువాడున్నాడని డిగ్రీకొచ్చేదాకా నాకు తెలీదు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పేద ఇంట జన్మించారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు (సప్లిమెంటరీ మిత్రులు గమనించగలరు!). మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను తొడిగినందుకు ప్రొఫెసరుగారికి కోపం వచ్చింది, ఎం.బి.బి.ఎస్. బదులు చిన్న పట్టా ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో పోయారు.

అమెరికా వెళ్ళి హార్వర్డులో చేరారు. ఖర్చులకోసం ఆస్పత్రిలో రాత్రిళ్ళు రోగుల మలమూత్రాల పళ్ళేలు కడిగారు. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రకటించారు. ఇక్కడ కాస్త ఆగాలి. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కన. ఆ రంగును కలరీమీటరులో, ముందే లెక్క తెలిసిన ద్రావణంతో పోల్చి చూస్తారు. ఒంట్లో సంగతి అంకెగా బయటికొస్తుందన్నమాట! నేటి బయోమెడికల్ ఇంజనీరింగ్ చదువుకి ఈ కొలతే ప్రాణం. ప్రాక్టికల్స్‌లో రంగు వచ్చినందుకు మేమంతా మురిసిపోయాం గానీ, పద్ధతి పేరులోని ఆ సుబ్బారావు ఎవరని ఒక్కరమూ అడగలేదు.

ఈ కొలత చేతిలో ఉండబట్టే 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్, ఆపైన ఏ.టి.పి. దొరికాయి. అయినా హార్వర్డు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళిపోయారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం తయారుచేసింది. స్ప్రూకి అది మందే, అన్నదమ్ములకు మాత్రం అందలేదు. పిల్లల రక్తకేన్సరుపై బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ వాడిన అమినాప్టెరిన్ కూడా అక్కడిదే.

డి.ఇ.సి. వచ్చింది 1947లో. రక్తంలోని పిల్లపురుగుల్ని చంపి, దోమ ద్వారా ఇంకొకరికి అంటకుండా ఆపుతుంది. ఒకసారి ఉబ్బిన కాలును మాత్రం మామూలు చెయ్యలేదు. మరుసటేడు ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావు నిద్రలోనే పోయారు. అమెరికా వెళ్ళాక మళ్ళీ మన దేశం రానే లేదు.

నాయనమ్మ కాలు చివరిదాకా అలాగే ఉంది. మా నాన్న మాత్రం ఏటా మాత్రలు మింగాడు. ఈసారి ఊడుపులకీ మడిలో దిగాడు, రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయి.