దుగ్గిరాల గోపాలకృష్ణయ్య: చీరాల–పేరాల పన్నుల పోరు

ఊరికి మునిసిపాలిటీ వస్తే మంచిదే కదా, జనం ఎందుకు వద్దంటారు? పట్నం చుట్టుపక్కల పంచాయతీలను పురపాలక సంఘంలో కలిపినప్పుడల్లా ఈ ప్రశ్న లేస్తుంది. అడిగేవాళ్ళు సాధారణంగా మేడ మీద కూర్చుని అడుగుతారు. జవాబు చెప్పవలసింది మాత్రం పాకలో ఉన్నవాళ్ళు. నూరేళ్ళ కిందట చీరాల, పేరాల జనం ఆ జవాబు చెప్పారు. నోటితో చెబితే దొరతనం వినలేదు. అప్పుడు ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని బయటికి నడిచింది. ఆ జనం ముందు నడిచిన మనిషి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆంధ్రరత్న అని జనం పిలుచుకున్నది ఈయన్నే.

తల్లీ తండ్రీ లేని పిల్లవాడు

గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. తండ్రి కోదండరామస్వామి, తల్లి సీతమ్మ. పురిట్లోనే తల్లి పోయింది. మూడేళ్ళ వయసు వచ్చేసరికి తండ్రి కూడా పోయాడు. నాయనమ్మ, పినతండ్రి పెంచారు. చదువులో నిలకడ తక్కువ. పాటలు, పద్యాలు, నాటకాలంటే ప్రాణం. కొద్దికాలం బాపట్ల తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేశారు. అర్జీ పట్టుకుని వచ్చిన రైతు ఏ మెట్టు మీద నిలబడాలో, దొర బంట్రోతు ముందు ఎంతసేపు చేతులు కట్టుకోవాలో ఆ కచేరీలో చూసే ఉంటారు.

తరువాత మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి ఇంగ్లండు దారి పట్టారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో ఎం.ఏ. చదివారు. కళాపండితుడు ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ పుస్తకం 1917లో అచ్చయింది. ఇంతటి చదువు చదివినవాడు ఆ రోజుల్లో సర్కారు కొలువులో స్థిరపడి మేడలు కట్టుకోవచ్చు. ఈయన రాజమండ్రి కళాశాలలో కొన్నాళ్ళు, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో కొన్నాళ్ళు పాఠం చెప్పారు. ఎక్కడా ఇమడలేక బయటపడి చివరికి చీరాల చేరారు. ఆయన చదివిన అర్థశాస్త్రానికి అసలు పరీక్ష అక్కడే ఎదురైంది.

యూనియన్ రోజులు

చీరాల అప్పట్లో గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలోది. 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. సముద్రం దగ్గరి ఇసుక నేల. కాస్త లోతు తవ్వితే నీళ్ళు పడతాయి. నేతగాళ్ళ మగ్గాలు, చిన్న రైతుల చేలు, కూలీల పాకలు, కొద్దిమంది వర్తకుల కొట్లు. ఇదీ ఊరు.

1884లో మద్రాసు ప్రభుత్వం స్థానిక బోర్డుల చట్టం చేసింది. జిల్లాకు ఒక బోర్డు, తాలూకాకు ఒక బోర్డు, వాటి కింద పెద్ద ఊళ్ళకు యూనియన్లు పెట్టారు. ఈ చట్టం కింద చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేటలను కలిపి 1888లో ఒక యూనియన్‌గా చేశారు. యూనియన్‌కు ఒక పంచాయతీ ఉండేది. గ్రామ మునసబు హోదాను బట్టే అందులో సభ్యుడు. తక్కినవాళ్ళు పైవాళ్ళు వేసిన పెద్దమనుషులు. కూలివాడికి అందులో చోటు లేదు.

ఆ పంచాయతీ పని ఏమిటి? వీధులు ఊడ్పించడం, సందు మొగల్లో కిరసనాయిలు దీపాలు పెట్టించడం, బావులు బాగుచేయించడం, రోడ్డు గుంటల్లో మట్టి పోయించడం. ఖర్చుకు ఇంటి పన్ను వేసేవారు. నాలుగు ఊళ్ళ మీదా కలిపి ఏడాదికి సుమారు 4 వేల రూపాయలు వచ్చేవి. దీపం గాజు పగిలితే నెలల తరబడి వీధి చీకటి. ఊడ్చేవాళ్ళు రాకపోతే చెత్త అక్కడే. అయినా జనం ఎలాగో సర్దుకుపోయారు. సేవ తక్కువ, పన్నూ తక్కువే.

ఒక సంగతి మరచిపోకూడదు. ఊరు శుభ్రంగా ఉంచే పని మొత్తం అంటరానివాళ్ళని ఊరవతల పెట్టిన కులాల భుజాల మీదే ఉండేది. ఊరి శుభ్రం వాళ్ళ చేతుల్లో ఉన్నా, ఊరి పంచాయతీలో వాళ్ళ మాట లేదు. స్థానిక స్వపరిపాలన అనే పెద్ద మాట వెనుక ఉన్న అసలు బొమ్మ ఇది.

బోర్డు మారింది, బిల్లు పెరిగింది

1919లో ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసింది. పారిశుధ్యం మెరుగుపడుతుందని, వసతులు పెరుగుతాయని చెప్పింది. జనం అడిగింది కాదు, జనాన్ని అడిగిందీ లేదు. కొత్త లెక్కన పన్నుల మొత్తం 4 వేల నుంచి సుమారు 40 వేల రూపాయలకు ఎగబాకింది. రెండు ఊళ్ళలో ఉన్నది 15 వేల పైచిలుకు జనం. లెక్క వేస్తే తలకు రెండున్నర రూపాయల పైమాట. అయిదుగురున్న ఇంటి మీద 13 రూపాయలు. ఆస్తిపరుడికి అది ఒక పూట ఖర్చు కావచ్చు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతికే నేతగానికీ, రోజు కూలీకీ అది నెల తిండి.

మునిసిపాలిటీ పన్ను ఎలా వసూలవుతుందో ఆనాటి పేదలకు బాగా తెలుసు. మొదట తాఖీదు వస్తుంది. గడువు దాటితే జప్తు వస్తుంది. ఇంట్లో ఉన్న సామాను పట్టుకుపోతారు. అదీ చాలకపోతే మేజిస్ట్రేటు ముందు కేసు. చెల్లించలేనితనం నేరంగా మారే పద్ధతి ఇది.

జనం అర్జీల మీద అర్జీలు పెట్టుకున్నారు. ఫలితం లేదు. కొత్త సంస్కరణల కింద 1920 డిసెంబరు నుంచి స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రికి వచ్చింది. ఆ మంత్రి తెలుగు ప్రభువు పానగల్లు రాజా. కుర్చీలో మనవాడు కూర్చున్నాడు కదా అని పన్ను తగ్గిందా? తగ్గలేదు. కుర్చీ మారినంత మాత్రాన కుర్చీ బుద్ధి మారదని చీరాల జనానికి అప్పుడే తెలిసింది.

రామదండు

గోపాలకృష్ణయ్య ఈ పోరాటాన్ని చేతిలోకి తీసుకున్నారు. పల్లె జనానికి తెలిసిన రామాయణం నుంచే పేరు తీసుకుని రామదండు అనే వాలంటీరు దళాన్ని కట్టారు. కాషాయం బట్టలు, మెడలో రుద్రాక్షలు, నోట పాట. మతం వేషం ఎందుకని ఇవాళ మనకు అనిపించవచ్చు. ఆనాడు సభ అంటే భయపడే జనాన్ని వీధిలోకి తెచ్చిన వేషం అది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం జరిగితే, వచ్చిన జనసముద్రాన్ని అదుపు చేసింది ఈ దండే.

పన్ను కట్టవద్దని ఊరు కట్టుబాటు చేసుకుంది. కౌన్సిలు సభ్యులు రాజీనామాలు ఇచ్చారు. ప్రభుత్వం తన మనిషిని కూర్చోబెట్టి మునిసిపాలిటీ నడిపించింది. పన్ను కట్టనందుకు కేసులు పెట్టి 12 మందిని జైలుకు పంపింది. అందులో ఒక స్త్రీ ఉంది. ఆమె రావూరి అలమేలమ్మ. దక్షిణ దేశంలో రాజకీయ కారణం మీద జైలుకు వెళ్ళిన తొలి స్త్రీగా ఆమెను చెబుతారు. నాయకుల పటాల వరుసలో ఆమె పటం ఎంతమంది చూసి ఉంటారు?

ఊరు ఖాళీ

1921 ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చారు. గోపాలకృష్ణయ్య ఊరి సంగతి ముందుపెట్టి సలహా అడిగారు. గాంధీ రెండు దారులు చూపారు. ఒకటి, ఊళ్ళోనే ఉండి పన్ను ఎగవేసి జప్తులకూ జైళ్ళకూ శాంతంగా తట్టుకోవడం. రెండోది, మునిసిపల్ పొలిమేర దాటి వెళ్ళిపోవడం. మనుషులే లేని ఊరిలో మునిసిపాలిటీ ఎవరి మీద పన్ను వేస్తుంది?

జనం రెండో దారి పట్టారు. ఏప్రిల్ నెలాఖరు, ఎండలు ముదిరిన కాలం. 15 వేల పైచిలుకు జనంలో 13 వేల మందికి పైగా ఇళ్ళు విడిచారు. మగ్గాలు విప్పుకుని, గొడ్లు తోలుకుని, ముసలివాళ్ళను, పసిపిల్లలను వెంటబెట్టుకుని పొలిమేర అవతలికి చేరారు. తాటాకులతో పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టారు.

రామనగర్‌లో సర్కారు బోర్డు లేదు, బిల్లు కలెక్టరు లేడు. తగాదాలు వస్తే తమలో తామే పంచాయతీ చేసి తీర్చుకున్నారు. రామదండు కాపలా కాసింది. పాటలు, హరికథలు, భజనలు రాత్రిపూట జనానికి ధైర్యం చెప్పాయి. అర్జీ పెట్టుకునే జనం తమ ఊరిని తామే నడుపుకోగలరని అక్కడ రుజువైంది. గోపాలకృష్ణయ్య జీవితంలో అన్నిటికన్నా గొప్ప పని ఇదే.

పదకొండు నెలలు

అయితే పాకల్లో బతుకు పాటలంత తేలిక కాదు. ఎండలు పోయి వానలొచ్చాయి. ఇసుకలో వేసిన తాటాకు పాక ఎంత ఆగుతుంది? మగ్గం తడిస్తే నేత ఆగింది. నేత ఆగితే కూడు ఆగింది. నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవాడు తట్టుకున్నాడు. ఏ రోజు కూలి ఆ రోజు తినేవాడికి త్యాగం భారం ఎక్కువైంది. ఉద్యమం నడపడానికి డబ్బు కావాలి. ఆ డబ్బు కోసం గోపాలకృష్ణయ్య ఊళ్ళు తిరిగారు.

అలా బరంపురం వెళ్ళినప్పుడు సభలో మాట్లాడకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఆయన లెక్కచేయలేదు. అరెస్టు చేసి ఏడాది శిక్ష వేశారు. తిరుచినాపల్లి జైలుకు పంపారు. ఇక్కడ రామనగర్ తలలేని మొండెంలా మిగిలింది. పదకొండు నెలలు గడిచాక, 1922లో జనం తిరిగి ఇళ్ళకు చేరారు. మునిసిపాలిటీ అక్కడే ఉంది. పన్నూ అక్కడే ఉంది.

అయితే ఆ పదకొండు నెలలు వృథా పోలేదు. అదే బాపట్ల తాలూకాలో పెదనందిపాడు ఫిర్కా రైతులు 1922 మొదట్లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో భూమి శిస్తు కట్టకుండా నిలబడ్డారు. అదే గుంటూరు జిల్లా పల్నాడులో అడవి పుల్లరి మీద జనం తిరగబడ్డారు. ఆ పోరాటంలో 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలయ్యాడు. పన్ను మీద తిరగబడవచ్చని జిల్లాకు మొదట చూపింది చీరాల.

జైలు నుంచి వచ్చాక గోపాలకృష్ణయ్య ఖాళీగా కూర్చోలేదు. పత్రిక నడిపారు, జానపద కళలను కూడగట్టారు, వేళాకోళపు చాటు పద్యాలతో సభలను నవ్వించారు. చేతిలో డబ్బు నిలవలేదు, ఒంట్లో ఆరోగ్యమూ నిలవలేదు. క్షయ పట్టుకుంది. 1928 జూన్ 10న 39 ఏళ్ళకే కన్నుమూశారు. విజయవాడలో కాంగ్రెసు భవనానికి ఆంధ్రరత్న భవన్ అని ఆయన పేరే పెట్టారు.

మనకు మిగిలిన లెక్క

భవనానికి పేరు పెట్టడం తేలిక. ఆయన అడిగిన ప్రశ్న అడగడం కష్టం. ఊరికి ఏ బోర్డు కావాలో ఎవరు తేల్చాలి? ఖర్చు ఎవరి నెత్తిన పడాలి? 1992లో రాజ్యాంగానికి 73, 74 సవరణలు చేసి పంచాయతీలకు, మునిసిపాలిటీలకు గట్టి పునాది వేశామన్నారు. కానీ పల్లెను పట్నంలో కలిపే కాగితం మీద కూలీ వేలిముద్ర అడిగినవాళ్ళు ఎందరు? 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టాన్ని పల్లెలకే పరిమితం చేశారు. పంచాయతీ పోయి మునిసిపాలిటీ వచ్చిన ఊళ్ళలో ఇంటి పన్ను పెరిగింది, కూలీకి గడ్డపార పని పోయింది. 2021లో ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటింటికీ చెత్త పన్ను వేశారు. జనం గట్టిగా వ్యతిరేకించారు. చివరికి 2024లో దాన్ని ఎత్తివేయక తప్పలేదు. చీరాల గాలి ఇంకా పూర్తిగా చల్లారలేదన్న మాట.

చీరాల తప్పు నుంచి కూడా మనం నేర్చుకోవాలి. జనం బలం అంతా ఒక్క మనిషి చుట్టూ కట్టుకున్నారు. ఆ మనిషిని జైల్లో పెడితే పోరాటం కుంటుపడింది. వీధికొక కమిటీ, పేటకొక నాయకుడు ఉండి, కూడు లేనివాడికి కూడు పెట్టే నిధి ముందే కూడబెట్టి ఉంటే కథ ఇంకోలా ఉండేదేమో. గోపాలకృష్ణయ్యను తలచుకోవడమంటే పటానికి దండ వేయడం కాదు. మీ ఊరి పంచాయతీ కచేరీకి వెళ్ళి, ఈ ఏడాది ఎంత వసూలు చేశారు, ఏ వీధిలో ఖర్చు పెట్టారు, మా పేటలో దీపం ఎందుకు లేదు అని లెక్క అడగండి. ఒక్కరు వెళ్ళకండి. పదిమంది కలిసి వెళ్ళండి.