లెక్లాంషే సెల్లు, మా నాన్నగారి రేడియో

మీలో తెలుగు మీడియంలో హైస్కూలు చదివినవాళ్ళకి లెక్లాంచి ఘటము గుర్తుండే ఉంటుంది. ఒక గాజు జాడీ, అందులో నవాసాగరం నీళ్ళు, ఓ పక్క జింకు కడ్డీ, మధ్యలో సన్నని రంధ్రాల మట్టికుండ, కుండ నిండా నల్లపొడి, ఆ పొడిలో నిలబెట్టిన బొగ్గు కడ్డీ. పటం గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు గ్యారంటీ. ఆ మార్కులు నేనూ తెచ్చుకున్నాను. కాని లెక్లాంచి అనేది ఒక మనిషి పేరని, ఆయన్ని వాళ్ళ దేశంలో లెక్లాంషే అంటారని చాలా ఏళ్ళ దాకా నాకు తెలియదు. ఘటానికే ఆ పేరనుకున్నాను.

మాది చీపురుపల్లి దగ్గర ఒక పల్లెటూరు. మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. 1968లో ఆయన ట్రాన్సిస్టర్ రేడియో కొన్నారు. తోలు కవరు, భుజాన వేసుకునే పట్టీ, వెనక మూత తీస్తే నాలుగు పెద్ద సెల్లులు. ఆ నాలుగు సెల్లుల మీద మా ఇంట్లో జరిగినంత పొదుపు బియ్యం మీద కూడా జరగలేదేమో! విజయవాడ కేంద్రం వార్తలకి వాల్యూమ్ కొంచెం పెంచాలి, పాటలకి తగ్గించాలి. నాటకం వచ్చే రోజున పొద్దున్నుంచీ రేడియో ముట్టుకోకూడదు. గొంతు నీరసించి, స్టేషను గరగరమంటూ జారిపోవడం మొదలెడితే నాన్నగారు సెల్లులు తీసి పెరట్లో రాయి మీద ఎండలో పెట్టేవారు. కాకి ఎత్తుకుపోకుండా కాపలా నేను. సాయంత్రానికి వాటిని మళ్ళీ వేస్తే రేడియో నిజంగానే ఓ గంట పలికేది.

చచ్చిపోయిన సెల్లు ఎండకి ఎలా బతుకుతుంది? అప్పట్లో అడిగితే సూర్యుడి శక్తి అందులోకి ఎక్కుతుంది కాబోలు అన్నారు నాన్నగారు. ఆ జవాబు తప్పు. సరైన జవాబు కోసం నేను ఒహాయో వచ్చి, ఉద్యోగం చేసి, రిటైరై, తీరిగ్గా లైబ్రరీలో కూర్చోవలసి వచ్చింది. అక్కడే జార్జి లెక్లాంషే జీవితం తారసపడింది.

ఆయన 1839లో ఫ్రాన్సులో పుట్టాడు. తండ్రిది గణతంత్రవాదుల పక్షం. ఆ రోజుల్లో ఫ్రాన్సులో ఆ పక్షం వాళ్ళకి సొంతూళ్ళో నిలవనీడ ఉండేది కాదు. అందుకని పిల్లవాడి చిన్ననాటి చదువు ఇంగ్లండులో సాగింది. తరువాత పారిస్ తిరిగొచ్చి ఎకోల్ సెంట్రాల్ అనే ఇంజనీరింగు కాలేజీలో చదివి 1860లో బయటికొచ్చాడు. ఒక రైల్వే కంపెనీలో ఇంజనీరుగా చేరాడు.

రైల్వేలో ఇంజనీరుకి బ్యాటరీలతో ఏం పని అంటారా? రైళ్ళు ఆవిరితో నడిచినా, రైలు దారి నడిచేది టెలిగ్రాఫుతో. స్టేషను స్టేషనుకీ కబురు వెళ్ళాలి, గంట మోగాలి. వీటన్నిటికీ కరెంటు కావాలి. పవర్ హౌసులు ఇంకా పుట్టలేదు. వోల్టా 1800లో మొట్టమొదటి బ్యాటరీ చేసి చూపించాక రకరకాల ఘటాలు వచ్చాయి గాని ఒక్కోదానికి ఒక్కో జబ్బు. కొన్నిటిలో గాఢ నత్రికామ్లం పోయాలి, దాని పొగ పీలిస్తే దగ్గు. కొన్నిటిని వాడినా వాడకపోయినా లోపల అరిగిపోతూనే ఉంటాయి. ఏ మారుమూల స్టేషనులోనో ఉన్న గుమాస్తా ఇలాంటివాటిని రోజూ సముదాయించుకుంటూ కూర్చోవాలి.

లెక్లాంషే ఆలోచన ఈ గుమాస్తా బాధ దగ్గర మొదలైందని నాకనిపిస్తుంది. ఘాటైన ఆమ్లాలు మానేసి ఆయన నవాసాగరం తీసుకున్నాడు. మన ఊళ్ళలో ఇత్తడి గిన్నెలకి కళాయి పోసేవాళ్ళు గిన్నె కాల్చి, తెల్లపొడి చల్లి, గుడ్డతో తుడిచేవాళ్ళు. గుప్పున తెల్లటి పొగ లేచేది. ఆ పొడే నవాసాగరం. నల్లపొడి సంగతి మా వైపు వాళ్ళకి చెప్పనక్కరలేదు. అది మాంగనీసు డయాక్సైడు, అందులో బొగ్గు నలగ్గొట్టి కలుపుతారు. మా గరివిడి గనుల దగ్గర నల్లటి దుమ్ముతో లారీలు పోతుంటే చూస్తూ పెరిగినవాణ్ణి నేను. ఆ ఖనిజం ఎక్కువగా ఉక్కు పరిశ్రమకి పోయేది గాని, లోహం మాత్రం అదే.

ఇంతలో ఆయన బతుకులో రాజకీయం మళ్ళీ అడ్డొచ్చింది. మూడో నెపోలియన్ ఏలుబడిలో ఫ్రాన్సులో ఉండలేక లెక్లాంషే బెల్జియం వెళ్ళిపోయాడు. బ్రస్సెల్స్‌లో చిన్న ప్రయోగశాల పెట్టుకున్నాడు. 1866లో ఘటం పూర్తయింది, పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి ఆయన ఇంకా యువకుడే. మరుసటేడు ఉద్యోగాల ఊసు మానేసి పూర్తిగా ఈ పనిలోనే పడ్డాడు. 1868లో బెల్జియం టెలిగ్రాఫ్ శాఖ ఆయన ఘటాన్ని తీసుకుంది. సొంత దేశం వద్దనుకున్న మనిషి సరుకుని ముందుగా ఆదరించింది పొరుగుదేశం. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో చాలామందికి ఈ ముక్క నేను విడమరిచి చెప్పక్కర్లేదు. 1870లో నెపోలియన్ గద్దె దిగాక ఆయన పారిస్ తిరిగి వెళ్ళి, బార్బియే అనే ఆయనతో కలిసి కంపెనీ పెట్టాడు.

ఇప్పుడు ఆ ఘటం లోపల ఏం జరుగుతుందో చెప్పుకుందాం, మా నాన్నగారి ఎండ వైద్యం రహస్యం అక్కడే ఉంది. జింకు నవాసాగరంలోకి కరుగుతున్నప్పుడు ఒక్కో పరమాణువు రెండేసి ఎలక్ట్రాన్లను లోహంలోనే వదిలేసి వెళుతుంది. అవతల బొగ్గు కడ్డీ చుట్టూ ఉన్న మాంగనీసు పొడికి ఎలక్ట్రాన్లు కావాలి. మధ్యనున్న ద్రవంలోంచి అవి దాటలేవు. బయట తీగ తగిలిస్తే ఆ దారిన పరుగెడతాయి. దారి మధ్యలో గంట ఉంటే గంట మోగుతుంది, రేడియో ఉంటే రేడియో పలుకుతుంది. దీని బలం సుమారు ఒకటిన్నర వోల్టు. మా రేడియోలో నాలుగు వరసగా ఉండేవి కనక ఆరు వోల్టులు.

చిక్కెక్కడంటే, మాంగనీసు పొడి నిదానస్తుడు. వచ్చిన ఎలక్ట్రాన్లను తీసుకుని లోలోపలికి సర్దుకోవడానికి దానికి టైము పడుతుంది. ఎడతెగకుండా కరెంటు లాగితే పైపొర నిండిపోయి వోల్టేజి పడిపోతుంది. కాసేపు వదిలేస్తే లోపల సర్దుబాటు జరిగి మళ్ళీ కోలుకుంటుంది. టెలిగ్రాఫుకీ, కాలింగ్ బెల్లుకీ ఇది సరిగ్గా సరిపోయింది. ఓ నిమిషం పని, ఓ గంట విశ్రాంతి. రేడియో అలా కాదు, గంటల తరబడి లాగుతూనే ఉంటుంది. కనక నాన్నగారి సెల్లుల్ని కొంతవరకు బతికించింది ఆ మధ్యాహ్నపు విశ్రాంతి. ఎండ వేడికి లోపలి తేమలో కదలిక పెరిగి ఆ సర్దుబాటు ఇంకాస్త చురుగ్గా జరిగింది. అంతే తప్ప సూర్యుడు కొత్తగా పోసిందేమీ లేదు, కరిగిపోయిన జింకు తిరిగి రాదు. వాల్యూమ్ తగ్గించడం మాత్రం నూటికి నూరుపాళ్ళూ సరైన పనే. శబ్దం పెరిగినకొద్దీ స్పీకరుని నడిపే ట్రాన్సిస్టర్లు ఎక్కువ కరెంటు లాగుతాయి.

లెక్లాంషే తన ఘటాన్ని వదిలిపెట్టలేదు. మట్టికుండ బరువు, పగిలిపోతుంది. అది లేకుండా చెయ్యాలని నల్లపొడిని అచ్చులో ఒత్తి గట్టి దిమ్మలుగా చేసే పద్ధతి కనిపెట్టాడు. 1876లో గ్రాహంబెల్ టెలిఫోను వచ్చాక ఈ ఘటాలకి ఇంకా గిరాకీ పెరిగింది. కాని ఆ గిరాకీని ఆయన ఎక్కువకాలం చూడలేదు. 1882 సెప్టెంబరు 14న పారిస్‌లో పోయాడు. 43 ఏళ్ళు కూడా నిండలేదు. అప్పటికి రేడియో తరంగాలని హెర్ట్‌జ్ ప్రయోగశాలలో పట్టుకోవడానికి ఇంకా నాలుగైదేళ్ళుంది. ఏ వస్తువు పేరు చెప్పుకుని ఆయన సెల్లు మన పల్లెలకు చేరిందో, ఆ వస్తువు ఊహ కూడా ఆయనకి తెలిసే అవకాశం లేదు.

ఆయన జాడీలో నీళ్ళు ఉన్నంతకాలం రేడియో భుజానికి ఎక్కదు. 1886లో జర్మనీలో కార్ల్ గాస్నర్ ఆ నీళ్ళని ముద్దగా చేసి, జింకునే డబ్బాగా మలిచి, అందులో అన్నీ కూరాడు. అదే డ్రై సెల్. 1896లో మా క్లీవ్‌లాండ్‌లో నేషనల్ కార్బన్ కంపెనీ కొలంబియా అనే ఆరంగుళాల సెల్లుని టోకున తయారుచేసి అమ్మింది. 2005లో అమెరికన్ కెమికల్ సొసైటీ దాన్ని చారిత్రక చిహ్నంగా గుర్తించింది. నేను ఇరవై ఏళ్ళకి పైగా ఆ ఊళ్ళోనే ఉంటూ ఆ సంగతి పేపర్లో చూసి తెలుసుకున్నాను!

వాల్వుల కాలంలో కూడా బ్యాటరీ రేడియోలు ఉండేవి గాని, వాటిని మెయ్యడం ఏనుగుని మేపడమే. వాల్వు లోపలి తీగని వేడి చెయ్యడానికి ఒక బ్యాటరీ, వాల్వుని పనిచేయించడానికి 90 వోల్టుల బ్యాటరీ ఇంకొకటి. 90 వోల్టులంటే లెక్లాంషే సెల్లులు అరవై వరసగా పేర్చాలి. 1947లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టాక ఆ వేడి అవసరం పోయింది. 1954లో వచ్చిన రీజెన్సీ రేడియో నాలుగు ట్రాన్సిస్టర్లతో, ఒక్క 22.5 వోల్టుల చిన్న బ్యాటరీతో జేబులో పట్టింది. ఆ తరువాత పధ్నాలుగేళ్ళకి మా ఇంటికొచ్చింది దాని చెల్లెలో, మేనకోడలో.

గాస్నర్ చేసిన మార్పులో ఒక ఇబ్బంది దాగి ఉంది. డ్రై సెల్లులో డబ్బానే ఇంధనం. వాడినకొద్దీ జింకు గోడ లోపల్నుంచి తినేసుకుపోతుంది, ఎక్కడో చిల్లి పడుతుంది, నవాసాగరం ముద్ద బయటికి కారుతుంది. వాడేసిన సెల్లుని పరికరంలోనే వదిలేస్తే జరిగేది ఇదే. ఇది పుస్తకంలో చదవకముందే నాకు కళ్ళతో చూడ్డం అయింది.

1991లో సెలవుకి వెళ్ళినప్పుడు నాన్నగారి రేడియోలో కొత్త సెల్లులు నేనే వేశాను. ఇక ఎండలో పెట్టక్కర్లేదు, అయిపోతే కొనుక్కోండని డబ్బిచ్చి గొప్పలు పోయాను. ఆయన 1994లో పోయారు. కర్మలకి వెళ్ళినవాణ్ణి రేడియో వంక చూడలేదు. అమ్మ దాన్ని పాత పంచెలో చుట్టి బీరువాలో పెట్టింది, సెల్లులతో సహా. తీసి పక్కన పెట్టమ్మా అని చెప్పవలసిన ఇంజనీరు కొడుకు చెప్పలేదు. 1997లో మూత తీస్తే లోపల తెల్లటి చెమ్మగడ్డ, పచ్చగా చిలుమెక్కిన స్ప్రింగులు, సెల్లుల మీద అట్ట ఉబ్బి ఊడిపోయింది. అమ్మ పక్కనే నిలబడి, పలుకుతుందా అని అడిగింది. పలుకుతుందని అబద్ధం చెప్పాను.

రేడియోని సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చేశాను. వంట సోడా నీళ్ళతో తుడిచి, స్ప్రింగులు మార్చి, తెగిన తీగలు అతకడానికి నాకు ఒక శీతాకాలం పట్టింది. ఇప్పుడు అందులో వేసేది ఆల్కలైన్ సెల్లులు. వాటిని లూయిస్ అర్రీ అనే ఆయన 1950లలో ఇక్కడికి దగ్గర్లోని పార్మాలోనే రూపొందించాడు. నవాసాగరం బదులు పొటాషియం హైడ్రాక్సైడు వచ్చింది గాని లోపలున్నవి ఆ జింకూ ఆ మాంగనీసే. మీడియం వేవ్‌లో రాత్రిపూట దూరపు స్టేషన్లు బాగానే పలుకుతాయి, వెనక అదే పాత గరగర. ఆ మరుసటేడు ఊరికి ఫోన్ చేసి, రిసీవరు రేడియో దగ్గర పెట్టి అమ్మకి వినిపించాను. ఇంగ్లీషులో ఎవరో బేస్‌బాల్ వ్యాఖ్యానం చెబుతున్నారు. అమ్మ ఆఖరిదాకా విన్నది.

విన్నాక నాలుగు సెల్లులూ తీసి సొరుగులో వేరే పెడతాను. ఇండియా వెళ్ళేముందు సొరుగు తెరిచి, అవి అక్కడే ఉన్నాయో లేదో ఇంకోసారి చూసుకుని బయల్దేరతాను.